చిన్న యజమాని సంతకం

2025 సెప్టెంబరు 21, ఆదివారం. మహాలయ అమావాస్య. ఆ సాయంత్రం తెలంగాణ వాకిళ్లలో ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు తెచ్చి చాపల మీద పోసుకున్న ఇళ్లలో కొన్నింటికి అమెరికా నుంచి కూతురో కోడలో అప్పటికే వచ్చి ఉన్నారు. కొన్ని ఇళ్లు ఇంకా ఎదురుచూస్తున్నాయి. మన గడియారాల్లో ఉదయం 9 గంటల 31 నిమిషాలకు, వాషింగ్టన్‌లో అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషమైనప్పుడు, ఒక అధ్యక్ష ప్రకటన అమల్లోకి వచ్చింది. శుక్రవారం సంతకమైన ఆ ప్రకటన సారం చాలా చిన్నది. హెచ్‌-1బీ వీసా మీద బయటి దేశం నుంచి ఒక కొత్త ఉద్యోగిని తెచ్చుకోవాలనుకునే యజమాని ఆ ఒక్క మనిషికీ లక్ష డాలర్లు కట్టాలి.

ఆ రెండు రోజుల అలజడి చాలామందికి గుర్తుండే ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు, వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని దిగిపోయారు. సెలవు మీద ఊరొచ్చినవాళ్లు పెట్టె విప్పకుండానే తిరుగు టికెట్టు వెతుక్కున్నారు. శనివారం వివరణ వచ్చింది. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఇది వర్తించదని, కొత్త దరఖాస్తులకే కట్టాలని, అదీ ఒక్కసారేనని చెప్పారు. ఇళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. పండగ జరిగింది.

ఆ ఊపిరిలో వాటా దక్కని మనిషి ఒకడున్నాడు. ఎడిసన్‌లోనో ఇర్వింగ్‌లోనో ఒక స్ట్రిప్ మాల్ పై అంతస్తులో రెండు గదుల ఆఫీసు అతనిది. పదిమందికి జీతాలిస్తాడు. లెక్కలు భార్య చూస్తుంది. వీసా దరఖాస్తు అడుగున అతను చేసే సంతకానికి ముప్పై ఐదేళ్ల పాటు ఒక విలువ ఉండేది. ఆ సంతకంతో ఒక మనిషి సముద్రాలు దాటి రాగలిగేవాడు. ఆ విలువ ఎలా పుట్టిందో, ఎన్నిసార్లు నిలబడబోయి ఎలా జారిపోయిందో చెప్పుకోవాలని ఈ ప్రయత్నం. ముగింపు మీకు చెప్పేశాను. ఇక మిగిలింది దారి పొడుగునా నడవడమే.

1990 నవంబరు 29న పెద్ద బుష్ సంతకం చేసిన వలస చట్టం హెచ్‌-1బీకి ఇప్పటి రూపాన్నిచ్చింది. ఏడాదికి 65,000 మంది అని అంకె వేసింది. డిగ్రీ చదువు అవసరమయ్యే పని అయి ఉండాలంది. ఆ ఊళ్లో ఆ పనికి ఇచ్చే జీతానికి తగ్గకుండా ఇస్తానని యజమాని కార్మిక శాఖకు ముందే రాసివ్వాలంది. ఇన్ని అడిగిన చట్టం ఒక్క మాట మాత్రం అడగలేదు: నువ్వెంత పెద్దవాడివి? ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఈ అడగకపోవడమే. లక్షమందితో నడిచే సంస్థా, నలుగురితో నడిచే సంస్థా ఒకే ఫారం నింపాలి, ఒకే గీత మీద సంతకం చెయ్యాలి. పన్ను నంబరు ఉండి, పని నిజమైనదైతే చాలు.

అలా సంతకం చేసినవారు ఎవరెవరో తలచుకుంటే మనసు కరుగుతుంది. చిన్న ఊళ్లో దంతవైద్యశాల నడిపే డాక్టరు. వంతెనల లెక్కలు వేసే ఐదుగురు ఇంజినీర్ల కార్యాలయం. మట్టి పరీక్షలు చేసే ప్రయోగశాల. వేరే డాక్టరెవరూ రానని చెప్పిన పల్లెలో ఒంటరిగా నిలబడ్డ క్లినిక్. ఈ వీసా అనగానే పెద్ద కంపెనీల పేర్లే నోటికొస్తాయి గానీ, స్పాన్సర్ చేసే యజమానుల్లో అత్యధికులు ఏడాదికి ఒకరిద్దరి కోసమే దరఖాస్తు పెట్టేవారు. పెద్ద సంస్థలో ఆ కాగితం ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పోతుంది. చిన్న సంస్థలో యజమాని స్వయంగా ఆ మనిషి పని చూసి, నాకు ఈ మనిషే కావాలి అనుకుంటాడు. లాయరు ఫీజు ఇంటి ఖర్చుల్లోంచే తీస్తాడు. ఉద్యోగం మధ్యలో తీసేస్తే ఆ మనిషి ఇల్లు చేరే ప్రయాణ ఖర్చు తానే పెట్టుకోవాలని చట్టం చెప్పిందని అతనికి తెలుసు. తెలిసే సంతకం చేస్తాడు.

మన తెలుగువాళ్లు ఈ కథలోకి వచ్చింది తొంభైల చివర్లో. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని ప్రపంచం భయపడిన రోజులవి. పాత మెయిన్‌ఫ్రేములు, కోబాల్ తెలిసినవారి కోసం వెతుకులాట. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల మెట్ల మీదా, వరండాల్లోనూ క్లాసులు జరిగేవి. హైదరాబాదులో అప్పటికి అమెరికా కాన్సులేట్ లేదు. స్టాంపింగ్‌కు మద్రాసు రైలెక్కాలి. వెళ్లేముందు చిలుకూరు వెళ్లి బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి, పనైతే నూటెనిమిది చేస్తానని మొక్కుకునేవారు. ఆ మొక్కు వెనక చాలాసార్లు ఉండేది పెద్ద కంపెనీ పేరు కాదు, ఒక చిన్న కన్సల్టెన్సీ ఉత్తరం.

ఆ కన్సల్టెన్సీ పెట్టినవాడు మనవాడే. ఎనభైల్లో ఎమ్మెస్ చదవడానికి వెళ్లి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఇంటి బేస్‌మెంట్‌లో కంపెనీ మొదలుపెట్టినవాడు. కొత్తగా దిగిన కుర్రాణ్ణి తెచ్చుకోవడానికి తానే కారేసుకుని ఎయిర్‌పోర్టుకు పోయేవాడు. గెస్ట్ హౌస్ అని ఒక అపార్ట్‌మెంట్ ఉండేది. నేల మీద పరుపులు, ఒక రైస్ కుక్కర్, ఎవరో తెచ్చిన ఆవకాయ, ప్రాజెక్టు దొరికేదాకా నలుగురైదుగురు అక్కడే. ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఒకరి చొక్కా ఇంకొకరికి ఇస్త్రీ అయ్యేది. క్లయింటు ఏ రాష్ట్రంలో దొరికితే ఆ రాష్ట్రానికి మంచులో బయల్దేరేవారు. అక్కడ అన్నా అని పిలిచిన యజమానిని ముప్పై ఏళ్ల తర్వాత కూడా అన్నా అనే పిలుస్తున్నవాళ్లున్నారు. తెలుగు కుటుంబాల్లో ఒక తరం ఇల్లు కట్టుకున్నది, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసింది, నాన్న గుండెకు స్టెంటు వేయించింది ఈ చిన్న సంతకాల మీదే.

పతనానికి విత్తనం కూడా ఆ గెస్ట్ హౌస్‌లోనే పడింది. మనిషి వచ్చాడు, ప్రాజెక్టు రాలేదు. దాన్నే బెంచ్ మీద ఉండటం అంటారు. 1998లో చేసిన చట్టం స్పష్టంగా చెప్పింది: పని దొరకని రోజులకూ జీతం ఇవ్వాల్సిందే. ఇచ్చినవారున్నారు. 2001లో డాట్‌కామ్ సంస్థలు కూలినప్పుడు ఇంటి మీద అప్పు తెచ్చి బెంచ్ మీదున్నవారికి జీతాలు వేసిన చిన్న యజమానుల మాట ఆ కాలం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవ్వనివారూ ఉన్నారు. నెలల తరబడి పే స్టబ్ లేకుండా ఉంచి, నోరెత్తితే వీసా రద్దు చేయిస్తానన్నవారు. ఉద్యోగి బతుకంతా యజమాని చేతిలో ఉన్నప్పుడు దయ, దోపిడీ ఒకే గదిలో కాపురముంటాయి. ఒకే ఫారం, ఒకే గీత. ఆ గీత మీద చేసిన రెండు రకాల సంతకాలను వేరుచేసి చూడగల కన్ను ఆ చట్టానికి ఎన్నడూ రాలేదు. తర్వాతి ఇరవై ఐదేళ్ల దుఃఖమంతా ఇందులోంచే ఊరింది.

ఆగి నిలబడగలిగిన మొదటి మలుపు 2003. అంతకు మూడేళ్ల ముందు క్లింటన్ సంతకం చేసిన చట్టం ఏడాది కోటాను 1,95,000కి పెంచింది, మూడేళ్లకు మాత్రమే. ఆ గడువు 2003 సెప్టెంబరు 30తో తీరిపోయింది. మాంద్యంలో ఆ అంకె సగం కూడా అక్కర్లేదనిపించింది కాబట్టి పొడిగించమని గట్టిగా అడిగినవారు లేరు. కోటా మళ్లీ 65,000కి దిగింది. ఏడాది తిరిగేసరికి, 2004 అక్టోబరు 1న, కొత్త ఏడాది కోటా మొదటి రోజే నిండిపోయింది. అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 కలిపారు. ఆ 85,000 అంకె అప్పటినుంచి ఈనాటిదాకా అలాగే ఉంది. అమెరికా ఎంత పెరిగింది, పనులు ఎంత మారాయి, ఆ అంకె మాత్రం కదల్లేదు.

2007 సంవత్సరం దగ్గర నేను కొంచెంసేపు ఆగాలి. ఆ ఏడు ఏప్రిల్ మొదటి రెండు రోజుల్లోనే లక్షా ఇరవై వేలకు పైగా దరఖాస్తులు వచ్చిపడి, లాటరీ తియ్యాల్సివచ్చింది. ఆరోజుల్లో లాటరీ అంటే పూర్తి దరఖాస్తు కాగితాలతో సహా సిద్ధం చేసి, లాయరుకు కట్టి, చెక్కులు జతచేసి పంపాలి. పేరు రాకపోతే కట్ట కట్టగా వెనక్కి వచ్చేది. పెద్ద సంస్థ వంద పంపితే కొన్నైనా తగిలేవి, పని నడిచేది. చిన్న యజమాని ఒక్కటే పంపేవాడు. తగలకపోతే ఆ ఏడాదికి అతనికి ఆ మనిషి లేడు. అదే ఏడు జూన్ 28న వలస సంస్కరణల బిల్లు సెనేట్‌లో తుది ఓటింగు దాకా కూడా వెళ్లలేక 46-53తో ఆగిపోయింది.

ఆపైన వచ్చిన జులై నెలను ఆ తరం మర్చిపోలేదు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లుగా ఉన్నవారికి, జులైలో అందరూ చివరి దరఖాస్తు పెట్టుకోవచ్చని విదేశాంగ శాఖ ప్రకటించింది. జనం ఉరుకులు పరుగుల మీద వైద్య పరీక్షలు చేయించుకున్నారు, ఊళ్ల నుంచి బర్త్ సర్టిఫికెట్లు తెప్పించుకున్నారు, ప్రయాణాలు మానుకున్నారు. జులై 2న ఆ మాట వెనక్కి తీసుకున్నారు. నంబర్లు అయిపోయాయన్నారు. కోపం రావలసిన చోట ఆ జనం పూలు పంపారు. అంతకుముందు ఏడాది వచ్చిన ‘లగే రహో మున్నాభాయ్’ సినిమా చూపిన గాంధీగిరి అది. దాని తెలుగు రూపం ‘శంకర్‌దాదా జిందాబాద్’ ఆ జులైలోనే మన థియేటర్లకు వచ్చింది. జులై 10న వందల పూలగుత్తులు వలస సంస్థ డైరెక్టరు ఎమిలియో గొంజాలెజ్ పేరిట వాషింగ్టన్ చేరాయి. ఆయన వాటిని గాయపడిన సైనికులున్న వాల్టర్ రీడ్, బెథెస్డా ఆస్పత్రులకు పంపించేశారు. వారం తిరిగేసరికి, జులై 17న, ప్రభుత్వం దిగివచ్చింది. ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంది. ఎవరినీ నొప్పించకుండా అడిగి, అడిగింది పొందిన రోజు ఒకటి ఈ కథలో ఉంది. ఒక్కటే ఉంది.

ఎందుకంటే ఆ పూలు వరుసను కదిలించగలిగాయి గానీ కుదించలేకపోయాయి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, భార్యాపిల్లలతో కలిపి. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతం దాటకూడదు. కోటిన్నర జనాభా దేశానికీ, వంద కోట్లు దాటిన దేశానికీ అదే 7. 2025 చివర్లో వరుసలో పిలుస్తున్నది 2013లో నిలబడిన భారతీయులను. పిల్లలకు ఇరవై ఒక్కటి నిండితే అమ్మానాన్నల దరఖాస్తులోంచి పేరు జారిపోతుంది. ఈ బాధ చాలామంది రాశారు. చిన్న యజమాని వైపు నుంచి దీన్ని చూసినవారు తక్కువ.

అతని వైపు నుంచి చూడండి. గ్రీన్‌కార్డుకు స్పాన్సర్ చెయ్యాలంటే ముందు లేబర్ సర్టిఫికేషన్. పత్రికల్లో ప్రకటనలు ఇచ్చి, తగిన స్థానికులు దొరకలేదని రుజువు చూపాలి. ఆ ఖర్చు పూర్తిగా యజమానిదే. తర్వాత ఐ-140 అనే వలస దరఖాస్తు. చెప్పిన జీతం ఇచ్చే స్తోమత లేబర్ దరఖాస్తు పెట్టిన తేదీ నుంచీ తనకుందని పన్ను పత్రాలతో చూపాలి. చిన్న వ్యాపారి ఎవరైనా పన్ను తగ్గించుకోవడానికి ఖర్చులన్నీ చూపించి లాభం తక్కువ రాసుకుంటాడు. చట్టబద్ధంగానే. అదే కాగితం ఇక్కడికొచ్చేసరికి అతనికి స్తోమత లేదని సాక్ష్యం చెబుతుంది. ఒక్క చెడ్డ సంవత్సరం చాలు. ఇది దాటి ఐ-140 చేతికొచ్చినా, వంతు వచ్చేదాకా మూడేళ్లకోసారి హెచ్‌-1బీ పొడిగించడానికి మళ్లీ అదే సంతకం కావాలి. వరుస పన్నెండేళ్లు. చిన్న సంస్థల్లో పన్నెండేళ్లు బతికేవెన్ని? యజమాని ముసలివాడవుతాడు, జబ్బుపడతాడు, పిల్లలు వ్యాపారం వద్దంటారు, పెద్ద క్లయింటు ఒక్కడు పోతాడు. కౌలు భూమిలో టేకు నాటినట్టు ఉండేది ఆ సంతకం.

సంస్థ మూతపడితే ఏమవుతుంది? ఐ-140 రాకముందే మూతపడితే అన్నీ మొదటికొస్తాయి, నిలబడ్డ ఏళ్లు కూడా. వచ్చాక మూతపడితే వరుసలో తేదీ మిగులుతుంది, అయినా కొత్త యజమానిని వెతుక్కుని లేబర్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. 2017 దాకా ఉద్యోగం పోయినవారికి ఒక్క రోజు గడువు కూడా రాసిపెట్టి లేదు. ఆ ఏడు జనవరిలో అరవై రోజులిచ్చారు. అరవై రోజుల్లో ఇల్లు, బడి, కారు, పన్నెండేళ్ల జీవితం. అందుకే మంచి చిన్న యజమానులు కొందరు లాభం లేకపోయినా, ఒంట్లో బాగోకపోయినా కంపెనీని మూసెయ్యలేకపోయారు. నేను మూస్తే వాడేమైపోతాడు అన్న ఆలోచన ఒక వ్యాపారాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టగలదని ఆర్థిక శాస్త్రం చెప్పదు. ఈ ప్రపంచంలో తిరిగినవారు చెబుతారు.

ఇంతలో ప్రభుత్వం అనుమానించడం మొదలుపెట్టింది. 2010 జనవరి 8న వచ్చిన ఒక అంతర్గత ఆదేశం, వేరే సంస్థ ఆవరణలో పనిచేసే ఉద్యోగికి అసలు యజమాని ఎవరో నిరూపించమంది. మరుసటి ఏడు, యజమాని నిజంగా ఉన్నాడో లేదో ఒక ప్రైవేటు సంస్థ వ్యాపార సమాచారంతో సరిపోల్చే పద్ధతి తెచ్చారు. పెద్ద కంపెనీల వివరాలు అందులో నిండుగా ఉండేవి. రెండు గదుల ఆఫీసు ఆ జాబితాలో ఉండేది కాదు, ఉన్నా పాత చిరునామాతో ఉండేది. ఆర్‌ఎఫ్‌ఈ, అంటే మరిన్ని రుజువులు అడిగే నోటీసు, వచ్చేది. ఆఫీసు ఫోటోలు, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు పంపాల్సివచ్చేది. నేను ఉన్నాను అని ఒక మనిషి తన ఉనికికి తానే సాక్ష్యాలు పోగుచేసుకోవాల్సిరావడం, అదీ పదిహేనేళ్లు పన్ను కట్టిన చోట, ఎంత చిన్నబుచ్చే పనో చెప్పనక్కర్లేదు. ఆ అనుమానానికి కారణం లేకపోలేదన్నది దీనికన్నా బరువైన బాధ.

2013 జూన్ 27న తలుపు ఇంకోసారి కదిలింది. దేశాలవారీ కోటా తీసేసి, హెచ్‌-1బీ సంఖ్య పెంచే బిల్లు సెనేట్‌లో 68-32తో గెలిచింది. ప్రతినిధుల సభ దాన్ని ఓటింగుకే తీసుకోలేదు. ఏడాది తర్వాత సభలో మెజారిటీ పక్షం నాయకుడు ఎరిక్ కాంటర్ సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోగానే ఇక ఆ ఆశ కూడా పోయింది. 2018లో నియమాలు మరింత బిగించారు. మొదటిసారి పెట్టే దరఖాస్తుల్లో తిరస్కరణలు 2015లో 6 శాతం ఉంటే 2018కి 24 అయ్యాయి. కొన్నింటికి కొన్ని నెలలకే అనుమతి ఇచ్చారు. ఈసారి చిన్న ఐటీ సంస్థలు కలిసి, ఐటీసర్వ్ అలయన్స్ అనే సంఘంగా కోర్టుకెళ్లి, 2020 మార్చిలో గెలిచాయి. ఆ జూన్‌లో ప్రభుత్వం 2010, 2018 ఆదేశాలు రెండూ ఉపసంహరించుకుంది. చిన్నవాడు న్యాయంగా అడిగి, న్యాయంగా గెలిచిన సందర్భం అది. ఆ గెలుపు మీద నిలబడి ఉంటే ఎంత బాగుండేది.

నిలబడలేదు. అదే మార్చిలో ఇంకొకటి మొదలైంది. దరఖాస్తు పూర్తిగా పంపనక్కర్లేకుండా, పది డాలర్లు కట్టి పేరు నమోదు చేస్తే చాలు. లాటరీలో పేరొస్తేనే మిగతా కాగితాలు. చిన్న యజమానికి ఇంతకన్నా పెద్ద ఉపకారం ఈ చట్టం చరిత్రలో ఎవరూ చెయ్యలేదు. పేరు రాని మనిషి కోసం వేల డాలర్లు లాయరుకు ధారపోసే బాధ పోయింది. ఊపిరాడింది. మొదటి ఏడు 2,74,237 పేర్లు వచ్చాయి. మూడేళ్లు తిరిగేసరికి, 2023 మార్చిలో, 7,80,884. అందులో 4,08,891 నమోదులు ఒకటికన్నా ఎక్కువసార్లు పేరు పడ్డవారివి.

అర్థమైంది కదా. ఒకే మనిషి పేరును ఐదారు చిన్న కంపెనీలు తలా పది డాలర్లతో వేశాయి. నియమం దాన్ని నేరుగా నిషేధించలేదు. ప్రతి కంపెనీ దగ్గరా నిజమైన ఉద్యోగం ఉంటే తప్పు లేదంది. చాలాచోట్ల ఉద్యోగం లేదు. అంతా ఒక గూడుపుఠాణీ. అందులో తెలుగు పేర్లు లేవని గుండె మీద చెయ్యేసి అనగలవాళ్లం కాదు మనం. హెచ్‌-1బీ అనుమతుల్లో పదింట ఏడు భారతీయులవే అయినప్పుడు, కీర్తిలో వాటా ఎంతో మచ్చలోనూ అంతే వాటా. ఇటు, చదువు ముగిశాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద మూడేళ్ల గడువుతో, మూడు మార్చి నెలల్లో మూడే అవకాశాలతో, ఒక్క యజమాని నిజాయతీగా ఒక్కసారే పేరు వేసిన అమ్మాయి ఉంది. ఆమె పేరు ఆ లక్షల కింద నలిగిపోయింది. మూడు మార్చిలూ వెళ్లిపోయాయి. ఆమె సంచి సర్దుకుని వచ్చేసింది. ఆమెను నమ్మి పెట్టుకున్న చిన్న ఆఫీసు ఆ కుర్చీని ఖాళీగా ఉంచుకుంది. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువ ఏడిపించేది ఈ ఘట్టమే. చిన్నవాడి కోసం తెరిచిన దారిని చిన్నవాళ్లే కొందరు మూసేశారు.

వరుసను కుదించే అవకాశాలు ఈలోగా రెండు వచ్చి పోయాయి. దేశాలవారీ పరిమితి తీసేసే బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది. 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా ఏకగ్రీవంగా ఒప్పుకుంది, కొన్ని మార్పులతో. రెండు సభల పాఠాలు కలిపి ఒకటి చెయ్యడానికి నెల రోజులు మిగిలాయి. ఆ నెల గడిచింది, సభల గడువు తీరింది, బిల్లు చచ్చిపోయింది. ఇంకొకటి 2021. కోవిడ్‌తో కాన్సులేట్లు మూతపడి, కుటుంబ వీసాల్లో మిగిలినవి ఉద్యోగ కోటాకు వచ్చి చేరాయి. ఆ ఏడు 2,62,000కు పైగా గ్రీన్‌కార్డులు చేతిలో ఉన్నాయి. వాడుకోవలసిన గడువు సెప్టెంబరు 30. ఆఫీసులు పనిలో వెనకబడి, 66,000కు పైగా అలాగే మురిగిపోయాయి. మరునాటికి అవి ఎవరివీ కావు. పన్నెండేళ్లుగా నిలబడ్డ జనం ముందు, ఇవ్వడానికి ఉన్నవి ఇవ్వకుండా గడువు దాటించేశారు. కోపం తెచ్చుకోవాలన్నా ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియని నష్టం ఇది.

2024లో ప్రభుత్వం తప్పు దిద్దింది. ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్కటే పేరు, పాస్‌పోర్టు నంబరుతో. ఒకటికి మించి పడ్డ నమోదులు ఆ ఏడే 47,314కి పడిపోయాయి. మరుసటి ఏడు నమోదు రుసుము 215 డాలర్లయింది. 2025 మార్చికి అర్హమైన నమోదులు 3,43,981. మోసం చాలావరకు తగ్గింది. నిజమైన చిన్న యజమానికి మళ్లీ నిజమైన అవకాశం దక్కే రోజు వచ్చింది. ఆరు నెలలకే, సెప్టెంబరు 19న, లక్ష డాలర్ల ప్రకటన మీద సంతకం పడింది. దోషం సరిదిద్దుకున్న తర్వాత శిక్ష వచ్చింది.

లక్ష డాలర్లంటే ఆ ఆఫీసుకు ఏమిటో చూడండి. 2024లో హెచ్‌-1బీ ఉద్యోగుల మధ్యస్థ జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు. అంటే మనిషి కాలు పెట్టకముందే దాదాపు ఒక ఏడాది జీతం ముందుగా కట్టాలి. వేలమందికి జీతాలిచ్చే సంస్థ, కావాలనుకుంటే, ఒకరిద్దరికి కట్టగలదు. ఉద్యోగులు ఇరవై ఐదుగురికి మించని యజమాని అని అదే ప్రభుత్వం శిక్షణ రుసుములోనూ, తర్వాత వచ్చిన ఇంకో రుసుములోనూ సగం తగ్గింపు ఇచ్చింది. 1,500కి బదులు 750. 600కి బదులు 300. చిన్నవాడు చిన్నవాడే అని గుర్తించిన ఆ అంకెల పక్కన ఈ లక్షకు తగ్గింపు లేదు. పల్లె ఆస్పత్రులకు డాక్టర్లు దొరకరని, వైద్యులకు మినహాయింపు ఇవ్వమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వెంటనే లేఖ రాసింది. అక్టోబరు 20న వచ్చిన వివరణ, అప్పటికే అమెరికాలో ఉండి చదువు వీసా నుంచి మారేవారిని దీన్నుంచి తప్పించింది. ఆ మేరకు ఎందరో బతికిపోయారు. పూర్తిగా పోయింది బయటినుంచి వచ్చేవాడి దారి: అమీర్‌పేట నుంచి నేరుగా గెస్ట్ హౌస్‌కు దిగిన ఆ పాత కుర్రాడి దారి. డిసెంబరు 23న వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు ఈ ప్రకటన అధ్యక్షుడి అధికారానికి లోబడే ఉందని తీర్పు చెప్పింది.

అమెరికాలో ఉన్నవారికి మిగిలిన దారి కూడా ఆ డిసెంబరులోనే సన్నబడింది. 2026 మార్చి నుంచి లాటరీలో అందరి పేరూ సమానంగా పడదు. జీతం నాలుగో, అంటే అన్నిటికన్నా పై స్థాయిలో ఉన్నవారి పేరు నాలుగుసార్లు, మూడో స్థాయి మూడుసార్లు, రెండోది రెండుసార్లు, మొదటి స్థాయి ఒక్కసారి. చదువు ఇప్పుడే ముగించిన మనిషిని చిన్న ఆఫీసు మొదటి స్థాయిలోనే తీసుకోగలదు. కష్టపడితే రెండు. అంతకు మించి ఇస్తే మిగతా తొమ్మిదిమంది జీతాలు తగ్గించాలి.

కాబట్టి ఇవాళ ఆ రెండు గదుల ఆఫీసులో బాగా పనిచేస్తున్న గుంటూరు పిల్లో, కరీంనగర్ పిల్లాడో ఉంటే, వాళ్లంటే నిజంగా ప్రేమున్న యజమాని వాళ్లను కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పాల్సివస్తుంది. “నా దగ్గరుంటే నీ పేరు ఒక్కసారే పడుతుందమ్మా. పెద్ద కంపెనీలో ప్రయత్నం చెయ్యి. రికమెండేషన్ నేను రాసిస్తాను.” ఆ పిల్ల “మరి ఈ ప్రాజెక్టు ఎవరు చూస్తారన్నా?” అని అడుగుతుంది. అతను ఎవరో ఒకరు చూస్తార్లే అంటాడు. ఆమె మంచి కోసం చెబుతున్నాడు కాబట్టి గొంతులో ఏమీ కనిపించనివ్వడు. ఆ పని చూడటానికి ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు.